మాటల పట్టీలో మొదటి మాట

నేను ఒక ఎంటర్ కీని. ఏదో ఫ్యాక్టరీలో తోటి కీలతో పాటే అచ్చులో పోశారు గానీ, నన్ను మాత్రం కాస్త లావుగా పుట్టించారు. ఆ లావే కొంప ముంచింది.

అమలాపురంలో పేర్రాజుగారి డీటీపీ సెంటర్లో శుభలేఖలు, కరపత్రాలు కొట్టుకుంటూ హాయిగా బతికాను. పేరా అయిపోతే చాలు, ఆయన నన్ను టపీమని కొట్టేవారు. అదేం సంబరమో! ఆ తరవాత ఆయనకి మాయదారి కండరాల జబ్బొచ్చింది. కాళ్లూ చేతులూ, ఆఖరికి గొంతు కూడా పోయి, చూపుడువేలొక్కటి మిగిలింది. అది తడబడకుండా ఆనగలిగింది నా ఒక్కదాని మీదే, అందుకే నన్ను ఇంట్లో ఆయన మంచం పక్కకి తెచ్చారు.

ఆయన భార్య సుభాషిణిగారు కంప్యూటర్లో మేం రాసే ఎడిటర్లో షార్ట్‌కట్లు, అంటే ఏ కీ నొక్కితే ఏం జరగాలో, మార్చడంలో దిట్ట. సందర్భాన్ని బట్టి చెయ్యమని నా నెత్తిన మూడు పనులు పెట్టింది. పేజీ ఖాళీగా ఉంటే వంటింట్లో గంట మోగించాలి. పేజీలో రాత ఉంటే మాటల పట్టీ తెరవాలి. పట్టీ తెరిచి ఉంటే, అందులో వెలుగుతున్న మాటని పేజీలో వెయ్యాలి. ఆగితే వెలుగు దానంతటదే ఒక్కో మాట మీదికీ జరుగుతుంది; మొదట వెలిగే మాట మాత్రం 'బాగున్నాను'. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ ఎలా ఉన్నావని ఆయన ప్రాణం తీస్తుంటే, సులువుగా ఉంటుందని పెట్టింది పాపం. గంట వినగానే వచ్చి పట్టీ తెరవడం, మాటలయ్యాక పేజీ తుడిచి, గంటకి సిద్ధం చేసి వెళ్లడం ఆవిడ వంతు.

ఆ రోజు పొద్దున్నే ఆయన ఒక్కో మాటా ఏరుకుని, 'నీ చేతి పచ్చిపులుసు తినాలనుంది' అని రాశారు. ఎన్నాళ్లకో నోరు తెరిచి ఏదో అడిగారు కదా, ఆవిడకి కళ్లనీళ్లొచ్చేశాయి. ఆ మాట తుడవడానికి చెయ్యి రాలేదు. అలాగే వదిలేసి వంటింట్లోకి పరిగెత్తింది.

కాసేపటికి ఆయన గొంతుకి ఉమ్మి అడ్డం పడింది. వేలు నా మీద పడింది. పేజీలో రాత ఉంది, పట్టీ తెరిచాను. మళ్లీ నొక్కారు, 'బాగున్నాను' వేశాను. మళ్లీ, మళ్లీ. అయ్యో, గంట కొట్టనివ్వండర్రా అని నేనెవరితో మొత్తుకోను! సందర్భం చూసుకుని మసలుకోమని మనుషులు ఒకళ్లకొకళ్లు తెగ చెప్పుకుంటారు. నేను చూసుకున్నాను. చెప్పినట్టే చేశాను.

ఆవిడ గుమ్మంలోంచి తొంగి చూసింది. తెర నిండా బాగున్నాను, బాగున్నాను. వేళాకోళమనుకుని నవ్వింది.

"వస్తన్నానండీ, వంకాయ కాలుతోంది" అంది.

గిన్నె పట్టుకొచ్చేసరికి వేలు నా మీదే ఉంది గానీ, నొక్కడం లేదు.

పదోరోజు వెళ్లిపోయాక, చుట్టాలందరూ సర్దుకున్నాక, ఆవిడ నా ముందు కూచుంది. పెట్టిన షరతులన్నీ ఒక్కొక్కటే తీసేసింది. ఇక పేజీలో ఏమున్నా, పట్టీ తెరిచున్నా, నన్ను నొక్కితే గంటే. సరిచూసుకోవడానికి ఒకసారి నొక్కింది.

వంటింట్లో గంట మోగింది.

"వస్తన్నానండీ" అంటూ లేచి నిలబడింది.