రెడ్డెమ్మ పొయ్యి దగ్గరి తుపాకి

నేను ఒక ఊదుగొట్టాన్ని. రెడ్డెమ్మ పెరట్లో, పొయ్యి పక్క గోడకు కొట్టిన మేకుకు వేలాడుతూ ఉంటాను. మూరన్నర పొడుగు, ఒళ్ళంతా మసి. చూస్తే ఏ ఇంట్లోనైనా ఉండే ఇనుప గొట్టమే అనుకుంటారు. మసి తుడిచి కాస్త పక్కకు తిప్పితే మాత్రం ఒంటి మీద చెక్కిన నంబరు కనపడుతుంది. పొయ్యి ఊదే గొట్టానికి సర్కారు నంబరు ఎందుకని మీకు అనుమానం రావాలి. రావాలనే చెబుతున్నాను. నిరుడు దీపావళి ముందు దాకా నేను తుపాకిని.

అంతకు ముందు ఇంకో జన్మ కూడా ఉంది. లారీలో స్టీరింగు గొట్టాన్ని. ఆ లారీ ముసలిదై పాత ఇనుముకు పోతే, మదనపల్లెకు పడమర కొండల నడుమ ఉన్న గువ్వలపల్లె కమ్మరి వీరాచారి నన్ను ఏరుకొచ్చాడు. ఆయనకు పంట కాపలా తుపాకులు చేసే అనుమతి కాగితం ఉండేది. నన్ను కొలిమిలో పెట్టి, సాగగొట్టి, ఒక కొస గట్టిగా మూసేసి, చింతకర్ర పిడి తగిలించాడు. దారి తిప్పే దాన్ని కాస్తా పేలేదాన్ని అయ్యాను. నన్ను తీసుకున్నవాడు పెద్ద గంగులప్ప. కొండ కింద ఆయనకు రెండెకరాల చేను. నా లైసెన్సు పుస్తకంలో "పంట రక్షణకు మాత్రమే" అని రాసి ఉండేది. ఆ మాట నాకు ఇప్పటికీ నచ్చుతుంది.

నాటు తుపాకి పేల్చడమంటే పెద్ద తతంగం. నోట్లో మందు పోయాలి, గుడ్డపేలిక కుక్కాలి, కడ్డీతో దట్టించాలి, సీసపు రవ్వలు వేయాలి, మళ్ళీ దట్టించాలి. ఇదంతా అయ్యేసరికి అడవిపంది కడుపు నిండా తిని, పక్క ఊరి చేలో కూడా రుచి చూసి వచ్చేది. అయినా నా చప్పుడుకు పందులు భయపడేవి. అదే నా ఉద్యోగం, చప్పుడు చేయడం. ఒకే ఒక్కసారి గురి చూసి పేల్చాడు పెద్ద గంగులప్ప. మసక వెలుతురులో ఏదో కదిలిందని కొట్టాడు. పొద్దున వెళ్ళి చూస్తే చేలో ఆయనే నిలబెట్టిన దిష్టిబొమ్మ వెల్లకిలా పడి ఉంది. దాని ఒంటి మీది చొక్కా కూడా ఆయనదే. ఆ చొక్కా చిల్లుల్లో వేళ్ళు పెట్టి చూపించుకుంటూ ఆయన చచ్చేదాకా నవ్వాడు. నా మొత్తం సర్వీసులో నేను నేలకూల్చింది అదొక్కటే. ఆ ముసలాయన చూపు మందగించినందుకు నేను ఈనాటికీ మొక్కుతాను.

తర్వాత నేను ఆయన మనవడి చేతికి వచ్చాను. అతని పేరూ గంగులప్పే. మంచి మనిషి, కాస్త బింకం ఎక్కువ. వారానికోసారి ఆముదంతో నన్ను తుడిచేవాడు. దసరాకు బొట్టు పెట్టి, ఇంటికొచ్చిన వాళ్ళకల్లా "మా తాత తుపాకి" అని చూపించేవాడు. పేల్చినప్పుడు మాత్రం నా నోరు ఎప్పుడూ ఆకాశం వైపే పెట్టేవాడు. అతని భార్య రెడ్డెమ్మ. ఏడో తరగతి దాకా చదివింది. కంటపడిన కాగితాన్నల్లా చివరి అక్షరం దాకా చదివే అలవాటు ఆమెది, చెనక్కాయల పొట్లం కట్టిన కాగితమైనా సరే.

ఇక్కడ పెద్దాయన సంగతి చెప్పాలి. పెద్దాయనంటే దేశాన్ని ఏలే ఆయన. ఆయన మా ఊరు రాలేదు, నన్ను చూడలేదు. అయినా ఒక్క పంటకాలంలో ఆయన నా బతుకును తిప్పినన్ని మలుపులు, నేను లారీలో ఉన్నప్పుడు కూడా తిరగలేదు.

నిరుడు ఆషాఢంలో ఆయన సరిహద్దు అవతలి దేశపు పెద్దను వేదిక మీద వాటేసుకున్నాడు. ఆ కౌగిలి వేడిలో, మా దేశంలో ఇక రైతు చేతిలో కూడా తుపాకి ఉండదు అని మాట ఇచ్చేశాడు. పక్కనున్న మంత్రులకు కూడా ఆ సంగతి అప్పుడే తెలిసిందట. పదిహేను రోజుల్లో తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలని ఉత్తరువు వచ్చింది. గంగులప్ప నన్ను దుప్పట్లో చుట్టి తీసుకెళ్ళి, హెడ్ కానిస్టేబుల్ సత్యవేలు చేతిలో పెట్టి, బడిలో బిడ్డను వదిలినవాడిలా వెనక్కి చూసుకుంటూ పోయాడు. ఆ వారమే పందులు దిగి, విత్తిన చెనక్కాయ గింజల్ని సాలు వెంబడి తవ్వుకు తిన్నాయి. గంగులప్ప మళ్ళీ విత్తాడు.

శ్రావణంలో ఆ ఇద్దరు పెద్దలకూ విందు భోజనం దగ్గర మాట మాట పెరిగింది. మరునాడు సరిహద్దు మూసేశారు. అవతలి దేశానికి బయల్దేరిన టమోటా లారీలు సగం దారి నుంచి వెనక్కి మళ్ళాయి. గంగులప్ప తన రెండో చేనులో పండిన టమోటాలను మదనపల్లె మార్కెట్టు బయట, రోడ్డు పక్కన గుట్టగా పోసి వచ్చాడు. ఆవులు కూడా ఒక పూట తిని రెండో పూట మొహం తిప్పుకున్నాయి. ఆ సాయంత్రమే టీవీలో పెద్దాయన, ప్రతి రైతూ ఒక సిపాయి, ఎవరి తుపాకి వారు తీసుకుపోండి అన్నాడు. సత్యవేలు నన్ను తిరిగి ఇచ్చాడు. నాకు తుప్పు పట్టింది.

"ఏం మనిషప్పా ఈయప్ప," అన్నాడు గంగులప్ప టీకొట్టు దగ్గర, నా తుప్పు గోకుతూ. "పొద్దున ఒక మాట, మాపటికి ఇంకో మాట. నా టమోటా అన్నా మూడు దినాలు నిలుస్తుంది."

టీ కాచే కదిరప్ప గ్లాసు కడుగుతూ, "నువ్వు ఓటేసినోడే కదన్నా," అన్నాడు.

"యేసినా. ఆ వేలు యాడ దాచుకోవాల్నో తెలవడం లేదు."

అసలు కథ ఆశ్వయుజంలో జరిగింది. మళ్ళీ విత్తిన చేను బాగా కుదురుకుంది. చెట్టు పెరికి చూస్తే గుత్తికి గుత్తి కాయ. టమోటా పోయాక ఆ ఇంటికి మిగిలిన ఆశ ఆ చేనొక్కటే. కాయ పెరకడానికి ఇంకా పది దినాలుందనగా పెద్దలిద్దరూ మళ్ళీ కౌగిలించుకున్నారు. ఊరి సచివాలయం గోడ మీద నోటీసు అంటించారు. శుక్రవారం సాయంత్రంలోగా తుపాకి అప్పగించాలి, లేకుంటే మూడేళ్ళు జైలు. అది బుధవారం.

ఊళ్ళో మిగతా తుపాకులు నాలుగూ ఆ పూటే స్టేషనుకు పోయాయి. గంగులప్ప మాత్రం నన్ను ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు.

"ఇస్తే పంట పందులకు. ఇయ్యకపోతే నేను జైలుకు. ఆడ వాళ్ళు కావలించుకుంటే ఈడ నాకు ఊపిరాడకుండా పోతాంది. నేనియ్యను మే. మంచె కప్పులో దాస్తా. ఎవురొచ్చి చూస్తారు?"

"సత్యవేలు సారు చూస్తాడు. పుస్తకంలో నంబరుంది," అంది రెడ్డెమ్మ.

ఆమె ఆ పొద్దునే నోటీసు ముందు నిలబడి చివరిదాకా చదివి వచ్చింది. అట్టడుగున, గోడ మీది పాత సినిమా పోస్టరు అంచులో కలిసిపోయిన చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. అప్పగించడం ఇష్టం లేనివారు తుపాకిని ఇక పేలకుండా చేసి, స్టేషన్లో చూపించి, పుస్తకంలో కొట్టేయించుకోవచ్చు. ఊరంతా మూడేళ్ళ జైలు దగ్గరే ఆగిపోయి భయపడింది. ఆమె ఒక్కతే అడుగుదాకా పోయింది.

"కోయిద్దాం," అంది.

"ఏంది కోసేది?"

"మూసిన కొస కోయిస్తే ఇంక పేలదు. గొట్టం మనకే ఉంటుంది. ఇస్తే తుప్పు పట్టి వస్తుంది, లేకుంటే రానే రాదు. మళ్ళా ఆయప్ప మనసు మారినప్పుడల్లా నువ్వు దీన్ని మోసుకుని తిరగాల."

"మా తాత తుపాకి మే. ముందు నన్ను కోయి."

"మీ తాత దీంతో కొట్టింది ఏంది? ఆయన చొక్కానే కదా?"

గంగులప్పకు నవ్వు వచ్చింది. రాకూడదని చాలా ప్రయత్నం చేశాడు, నేను ఒళ్ళోనే ఉన్నాను కాబట్టి తెలుసు, కడుపు కదిలింది. "చేను కాపలా?" అన్నాడు చివరికి.

"నెగళ్ళు వేద్దాం. మంట అంటే పందికి తుపాకికన్నా భయం."

"నువ్వే తీసకపో. నేను చూడలేను," అని తువ్వాలుతో నా ఒళ్ళు ఒకసారి తుడిచి ఇచ్చాడు.

గురువారం రెడ్డెమ్మ నన్ను పాత చీరలో చుట్టి, రోడ్డు మీది వెల్డింగు షాపుకు తీసుకెళ్ళింది. ఆ షాపు కాళాచారిది, నన్ను చేసిన వీరాచారి మనవడు. అతను చీర విప్పి చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"మా తాత చేసిందక్కా. నేనెట్ల కోసేది?"

"మీ తాత మూసిన కొసే కదప్పా తెరవమంటాండేది."

అతను కాసేపు నన్ను తిప్పి తిప్పి చూశాడు. తాత సుత్తి దెబ్బలు ఉన్న చోట బొటనవేలితో రాశాడు. తర్వాత రంపపు చక్రం తిప్పాడు. నొప్పి గురించి అడగకండి, ఇనుముకు అది మామూలే. చింతకర్ర పిడి ఒక పక్కన పడింది. మూసిన కొస ఇంకో పక్కన పడింది. ఆ క్షణంలో నాకు తెలిసింది ఏమంటే, ఇన్నేళ్ళూ నేను ఒక వైపే చూస్తూ బతికాను. ఇప్పుడు రెండు వైపుల నుంచీ వెలుతురు వచ్చింది. కడుపులో పాత మందు కంపు పోయి గాలి ఆడింది. కాళాచారి అంచులు అరగదీసి, నోటికి గుచ్చుకోకుండా నున్నగా చేశాడు.

స్టేషన్లో సత్యవేలు నన్ను కంటికి ఆనించుకుని చూశాడు. అవతలి కొసలో రెడ్డెమ్మ మొహం కనపడింది.

"ఏందమ్మా ఇది?"

"ఊదుగొట్టం సార్."

ఆయన నవ్వలేదు. నిన్నటి నుంచి రైతులు తిడుతున్న తిట్లన్నీ పెద్దాయనకు బదులు ఆయనే పడుతున్నాడు. లైసెన్సు పుస్తకంలో అడ్డంగా గీత గీసి, "పేలదు" అని రాసి సంతకం పెట్టాడు. "నువ్వొక్కతివి నోటీసు మొత్తం చదివినావు తల్లీ. రాసిన వాళ్ళు కూడా చదివినట్టు లేదు," అన్నాడు. ఆ మాటకు నేను ఆయనకూ దండం పెట్టుకున్నాను.

ఇక ఆ పది దినాలు. కొండ వారగా ఆరు చోట్ల కట్టెలు పేర్చారు. మొదటి సాయంత్రమే తుంపర పడింది. కట్టె తడిసి పొగ తప్ప మంట లేదు. రెడ్డెమ్మ నన్ను నోటికి పెట్టుకుని ఊదింది. నా గొట్టంలో నుంచి పోయిన మొదటి ఊపిరి అది. ఇంతకాలం నాలో నుంచి బయటికి పోయిన ప్రతిదీ పేలి చల్లారింది. ఇది మాత్రం పోయి ఒక నిప్పును లేపింది. తుపాకులు ఇచ్చేసిన నాలుగిళ్ళ ఆడవాళ్ళూ రెండో దినానికి వచ్చి కలిశారు, వాళ్ళ చేలూ ఆ వరసలోనే ఉన్నాయి మరి. నేను ఒక నెగడు నుంచి ఇంకో నెగడుకు, ఒక నోటి నుంచి ఇంకో నోటికి తిరిగాను. ఊదుతూ ఊదుతూ మధ్యలో వాళ్ళు పెద్దాయనను తిట్టిన తిట్లు కూడా నాలో నుంచే పోయాయి. వాటితో మంట ఇంకా బాగా లేచేది.

గంగులప్ప మాత్రం నన్ను ముట్టుకోలేదు. దుడ్డుకర్ర పట్టుకుని మంచె మీద కూర్చునేవాడు. అయిదో దినం పొద్దుగూకేవేళ ఈదురుగాలి వచ్చి, కొండ మూల నెగడు ఆరిపోసాగింది. ఆడవాళ్ళు అవతలి కొసన ఉన్నారు. పొదల్లో పందుల గుంపు కదిలిన చప్పుడు అతనికీ వినపడింది, నాకూ వినపడింది. నేను ఆ నెగడు పక్కనే రాయికి ఆనించి ఉన్నాను. అతను మంచె దిగి పరుగున వచ్చాడు. ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, వాళ్ళ తాత మందు పోసిన చోటనే నోరు పెట్టి ఊదాడు. ఒకసారి, రెండుసార్లు, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా. మంట భగ్గున లేచింది. పొదలు కాసేపు కదిలి, తర్వాత కొండ ఎక్కాయి.

పొగకే కళ్ళు తుడుచుకున్నానని అందరికీ చెప్పాడు. నేనూ అదే చెబుతాను.

చెనక్కాయ పెరికారు. ఒక్క సాలు కూడా పోలేదు.

కార్తీకంలో పెద్దలిద్దరికీ మళ్ళీ చెడింది. ఈసారి రైతులకు తుపాకులు సభ పెట్టి, దండలు వేసి తిరిగి ఇస్తారట. సత్యవేలు మొహమాటపడుతూ ఇంటికి వచ్చాడు.

"గంగులప్పా, సోమవారం సభ. పైనుంచి లెక్క ప్రకారం అయిదు తుపాకులు కనపడాల. ఈడ కొట్టేసినా నీది ఇంకా వాళ్ళ లిస్టులో ఉంది."

గంగులప్ప లేచి, మేకు మీద నుంచి నన్ను తీసి, పొయ్యి ఊది, మంట వచ్చాక టీ గిన్నె పెట్టాడు. "ఇదే సార్ నా తుపాకి. దండ వేస్తే కాలిపోతుంది. టీ తాగి పోండి."

సత్యవేలు ఆ పూట మొదటిసారి నవ్వాడు. రెడ్డెమ్మ కొత్త చెనక్కాయలు వేయించి నూరిన ఊరిబిండి కొంచెం ఆకులో కట్టి ఇచ్చింది.

చేసిన వీరాచారికి, కోసిన కాళాచారికి, ఆకాశం వైపే పేల్చిన గంగులప్పకు, నోటీసు అడుగుదాకా చదివిన రెడ్డెమ్మకు నేను రోజూ దండం పెట్టుకుంటాను. నిజం చెప్పాలంటే పెద్దాయనకూ ఒకటి పెడతాను. ఆయన ఒక్క మాట మీద నిలబడే మనిషై ఉంటే, నేను ఈపాటికి స్టేషను గదిలో నోరు తెరుచుకుని తుప్పు పడుతూ ఉండేదాన్ని.

మొన్న టీకొట్టు దగ్గర నుంచి కదిరప్ప కేకేశాడు. పెద్దాయన టీవీలో మళ్ళీ ఏదో చెబుతున్నాడట. గంగులప్ప చెప్పుల కోసం వెతికాడు.

"కూర్చోవయ్యా. అది రేపటికి ఎటూ మారుతుంది. సంగటి కాడ మంట తగ్గిపోయింది," అని రెడ్డెమ్మ నన్ను అతని చేతికిచ్చింది.

అతను చెప్పులు వదిలేసి, పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, ఊపిరి నిండుగా తీసుకున్నాడు.