గోధుమ లేని గది

తేజశ్రీ అక్క పడిపోయింది బేర్ సరాయ్ పుస్తకాల షాపుల ముందు, 2008 జూన్‌లో, మిట్టమధ్యాహ్నం. చేతిలోని జిరాక్సు కాయితాల కట్ట జారి రోడ్డంతా పరుచుకుంది. నేను ముందు కాయితాల వెంట పరిగెత్తాను. ఎండకు తూలిందేమో, తనే లేస్తుందిలే అనుకున్నాను. అన్నీ ఏరుకుని వెనక్కి తిరిగి చూస్తే ఇంకా లేవలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మేమిద్దరం సివిల్స్ కోచింగ్‌కని దేశ రాజధానికి వచ్చి, కటవారియా సరాయ్‌లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. మూడో అంతస్తు, ఒక కిటికీ, రెండు మంచాలు, తలుపు పక్కన చిన్న గ్యాస్ పొయ్యి. నాది సిద్దిపేట, ఆమెది బాపట్ల. నాకు ఇరవై నాలుగు, సివిల్స్ రాయడం అదే మొదలు. ఆమెకు ఇరవై తొమ్మిది, అది నాలుగోసారి. అదే ఆఖరు కూడా. ఆ తర్వాత వయసూ మిగలదు, అటెంప్టూ మిగలదు. ఊళ్ళో లెక్చరర్ ఉద్యోగం వదులుకుని వచ్చింది.

గవర్నమెంటు ఆస్పత్రిలో చూపిస్తే రక్తం ఆరు గ్రాములే ఉందన్నారు. మూడు వారాలు తిప్పి తిప్పి పరీక్షలు చేశారు. నోట్లోంచి గొట్టం దించి పేగులో చిన్న ముక్క తీశారు. చివరికి డాక్టరు చెప్పిన జబ్బు పేరు మేం ఎప్పుడూ వినలేదు. సీలియాక్. గోధుమలో గ్లూటెన్ అనే జిగురుంటుందట. అది ఈమెకు పడదు. తిన్నప్పుడల్లా పేగు లోపలి పొర దెబ్బతింటుంది, ఇక ఎంత తిన్నా ఒంటికి పట్టదు. మందులేం లేవు. గోధుమ, మైదా, రవ్వ, బార్లీ జన్మలో ముట్టుకోకూడదు, అంతే.

అక్క నవ్వేసింది. "ఇంతేనా డాక్టర్ సాబ్? మేం అన్నం తినేవాళ్ళమండీ" అంది హిందీలో.

డాక్టరు నవ్వలేదు. డైటీషియన్‌ని కలవమని చీటీ రాసిచ్చాడు. ఆ గది ముందు క్యూ వరండా చివరిదాకా ఉంది. మధ్యాహ్నం టెస్టు రాయాలని అక్క తొందరపడింది. చీటీ మడిచి పర్సులో పెట్టుకుని వచ్చేశాం.

వాళ్ళమ్మ సరోజిని గారికి మాత్రం ఈ సంగతి చెప్పలేదు. "ఏం లేదమ్మా, ఇక్కడి చపాతీలు అరగట్లేదు. రాగిజావ తాగమన్నారు" అని ఫోనులో చెప్పి ఊరుకుంది.

"చెప్పొచ్చు గదక్కా?" అన్నాను.

"చెబితే ఎల్లుండికి ఇక్కడుంటుంది. రెక్క పట్టుకుని తీసుకుపోతుంది. నాలుగు నెలలు ప్రవల్లీ. మెయిన్స్ రాసేదాకా నోరు మూసుకో."

మూసుకున్నాను.

పది రోజులకు బాపట్ల నుంచి పార్సిల్ వచ్చింది. రెండు పెద్ద డబ్బాల రాగిపొడి, ఒక సీసా కందిపొడి, చింతకాయ పచ్చడి. అప్పటికే గదిని శుభ్రం చేశాం. రోజూ తెప్పించుకునే భోజనం డబ్బా మానేశాం. గోధుమపిండి, బ్రెడ్డు, నూడుల్స్ పాకెట్లు కింద ఇంటి ఓనర్ ఆంటీకి ఇచ్చేశాం. నేను కూడా రొట్టె తినాలంటే బయట తిని, చేతులు కడుక్కుని గదిలోకి వచ్చేదాన్ని.

మొదట్లో అదొక ఆటలాగే ఉండింది. తామరగింజలు నేతిలో వేయించి మిరియాలు చల్లేవాళ్ళం. మరమరాల్లో ఉల్లిపాయ, నిమ్మకాయ. సాయంత్రం చదువు మధ్యలో పల్లీ చిక్కీ. ఇక్కడివాళ్ళు ఉపవాసాలకు వాడే కుట్టూ పిండి తెచ్చి రొట్టె చేస్తే పెనం మీదే ముక్కలైపోయింది, స్పూన్లతో తిన్నాం. పెద్ద మార్కెట్లో విదేశీ సరుకుల షాపుకు వెళ్ళి గ్లూటెన్ ఫ్రీ అని రాసున్న బిస్కెట్లు వెతికి తెచ్చాం. అక్క ఒకటి కొరికి చాలాసేపు నమిలింది.

"బ్లాక్‌బోర్డు మీద రాసుకోవచ్చే వీటితో" అంది.

ఓనర్ ఆంటీ హర్యానా ఆవిడ. గొంతు పెద్దది, మనసూ పెద్దదే. సజ్జ రొట్టె అరచేతుల మధ్య ఎలా కొట్టాలో నేర్పింది. సజ్జలు కొని వీధి మూల పిండి చక్కీలో పట్టించుకుని వచ్చాం. పొద్దున్నే పాలల్లో వేసుకోవడానికి కార్న్‌ఫ్లేక్స్ తెచ్చాం. మొక్కజొన్నే కదా.

ఆగస్టులో ప్రిలిమ్స్ రిజల్టు వచ్చింది. ఆమె నంబరు ఉంది, నాది లేదు. రెండు రోజులు మంచం దిగలేదు నేను. మూడోరోజు అక్క విరేచనాలతో నీరసించి బాత్రూమ్ గోడకు ఆనుకుని కూర్చుని ఉంటే లేపి తీసుకొచ్చాను. అప్పుడు అర్థమైంది, తగ్గడం లేదని. గోధుమ మానేసి నెల దాటింది. నిజానికి ఇంకా ఎక్కువైంది.

సెప్టెంబరు వచ్చేసరికి ముప్పై ఎనిమిది కిలోలకు దిగింది. దువ్వెన పెడితే జుట్టు చుట్టలు చుట్టలుగా వచ్చేది. నోటినిండా పుళ్ళు. పొద్దున చదివింది సాయంత్రానికి గుర్తుండేది కాదు. ప్రాక్టీసు పరీక్షలో మూడు గంటలకు నాలుగు జవాబులు రాసి, మిగతా కాయితాలు ఖాళీగా ఇచ్చి వచ్చింది. గదికి వచ్చాక డబ్బాలన్నీ కిందికి దించి వరసగా పెట్టింది.

"ఇందులో ఏది పడట్లేదో చెప్పు. ఏది తీసెయ్యను?"

నాకేం తెలుసు? పాలు తీసేసింది, పప్పు తీసేసింది. ఇంకో వారానికి వంకాయ, టమాటా, చివరికి మంచినూనె కూడా. చింతకాయ పచ్చడి నోటి పుళ్ళకు మండుతోందని పక్కన పెట్టింది. అన్నంలో కాస్త కందిపొడి, ఉప్పు. ఆకలేస్తే రాగిజావ. రోజుకు ఒకసారి తాగేది కాస్తా మూడుసార్లైంది, తర్వాత నాలుగు.

"అమ్మ చేత్తో చేసింది. ఇది ఒక్కటే నమ్మకంగా తాగగలిగేది" అనేది గ్లాసు రెండు చేతులతో పట్టుకుని.

సెప్టెంబరు ఆఖర్లో ఒకరోజు ఐదింటికి కూరగాయలకని బయటికి వెళ్ళాను. సమోసాల బండి దగ్గర అక్క నిలబడి ఉంది. చేతిలో ఆకుదొన్నె. ఒకటి తినేసి రెండోది కొరుకుతోంది. ఒళ్ళు మండిపోయింది నాకు. రెండు నెలలు గదిలో రొట్టెముక్క లేకుండా బతికాను. ఆమె గిన్నెలు వేరే పీచుతో తోమాను. నా పరీక్ష పోయినా ఆమె పరీక్ష కోసం ఊరికి పోకుండా ఉండిపోయాను.

దగ్గరికి పోయి దొన్నె లాక్కున్నాను. "రోజూ తింటున్నవ్ గదా? దొంగతనంగ తినుకుంట, తగ్గుతలేదని నా ముందల ఏడుస్తున్నవా?"

బండి చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారు. అక్క నోట్లోది మింగి, దుపట్టాతో పెదాలు తుడుచుకుంది.

"ఇవాళే తిన్నాను" అంది. "ఒట్టు. మానేసినా పోతోంది, తిన్నా పోతోంది. ఎలాగూ చచ్చేదాన్ని కడుపునిండా తిని చావకూడదా?"

ఆ గొంతులో కోపం లేదు. అది వినగానే నాకు భయమేసింది.

గదికి రాగానే వాంతులు మొదలయ్యాయి. మర్నాడంతా లేవలేకపోయింది. నేను ఆమె పర్సు తీసి ఆ పాత చీటీ వెతికాను. చిరుగులు పట్టింది కానీ అక్షరాలు కనిపిస్తున్నాయి. ఆ మర్నాడు పొద్దున్నే ఆంటీని తోడు తీసుకుని అక్కను ఆటో ఎక్కించాను. గదిలో తినే వస్తువులన్నీ పెద్ద సంచిలో వేసుకున్నాను. చీటీ వెనకాల అలా తెమ్మనే రాసుంది. రెండు నెలలూ అది మేం తిప్పి చూడలేదు.

మూడు గంటలు క్యూలో కూర్చున్నాం. డైటీషియన్ జుట్టు నెరిసిన ఆవిడ, కళ్ళజోడు ముక్కు మీదికి జారుతూ ఉంది. సంచి బల్ల మీద బోర్లించమంది. ఒక్కొక్కటీ తీసి వెనకాల ఉన్న చిన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టింది. కార్న్‌ఫ్లేక్స్ డబ్బా మీద వేలు పెట్టింది. "ఇదిగో, మాల్ట్. అంటే బార్లీ." పోపుకు వాడే ఇంగువ డబ్బా తిప్పింది. "ఇంగువలో పిండి కలుపుతారు. ఏ పిండో చదవండి." గోధుమపిండి అని ఉంది. కందిపొడిలోనూ ఇంగువ పడే ఉంటుందంది. సజ్జపిండి ఎక్కడ పట్టించారని అడిగింది. చక్కీలో అని చెప్పాం. "అంతకు ముందు ఆ రాయి మీద ఏ పిండి ఆడించారు?" అంది.

రోజంతా అక్కడ పట్టేది గోధుమలే. ఆంటీ "హాయ్ రామ్" అని నుదురు కొట్టుకుంది.

ఆఖరుకు రాగిపొడి డబ్బా మూత తీసి, కాస్త అరచేతిలో పోసుకుని వెలుతురులో చూసింది.

"ఇది ఏమిటి?"

"రాగులు. మా అమ్మ చేసింది" అంది అక్క.

"ఒక్క రాగులేనా? రంగు లేతగా ఉందే. రోజుకెంత తాగుతావు?"

"నాలుగు గ్లాసులు."

"మీ అమ్మకు ఫోన్ చెయ్యి. ఇప్పుడే."

నేనే నంబరు నొక్కి, స్పీకరు పెట్టి అక్క నోటి దగ్గర పట్టుకున్నాను. సరోజిని గారు రెండో రింగుకే ఎత్తారు.

"అమ్మా, రాగిపొడిలో ఏమేం వేశావు?"

"అయిపోయిందా తల్లీ? ఇంకో రెండు డబ్బాలు పట్టించి ఉంచాను."

"అది కాదమ్మా. ఏమేం వేశావో చెప్పు."

"ఏముందే, రాగులు. పెసలు, జీడిపప్పు, యాలకులు. నీకు బలం చాలట్లేదని గోధుమలు కూడా మొలకెత్తించి ఎండబెట్టి వేశాను. రాగులెన్నో గోధుమలూ అన్నే. ఎందుకే? పురుగు పట్టిందా?"

అక్క బల్ల అంచు పట్టుకుంది. డైటీషియన్‌కు తెలుగు రాదు, కానీ గోధుమలు అన్న మాటకు మా మొహాలు చూసి ఆవిడకు అర్థమైంది. డబ్బా మూత పెట్టి పక్కకు జరిపింది.

"తేజా? ఉన్నావా? ఏమైందే?"

అప్పుడు చెప్పింది అక్క. పడిపోయిన దగ్గర్నుంచి, గొట్టం వేసిన దగ్గర్నుంచి, ముప్పై ఎనిమిది కిలోల దాకా మొత్తం చెప్పింది.

"నా చేత్తో నేనే పెట్టానా తల్లీ?" అన్నారు సరోజిని గారు.

"నేను చెప్పకపోతే నీకెలా తెలుస్తుందమ్మా" అంది అక్క. ఆ మాట అవతలికి చేరిందో లేదో తెలీదు. అప్పటికే ఆవిడ ఏడుస్తున్నారు.

మూడోరోజు పొద్దున సరోజిని గారు మా గది తలుపు కొట్టారు. రిజర్వేషన్ లేకుండా వచ్చారట, కాళ్ళు వాచిపోయి ఉన్నాయి. కూతుర్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు. వెనక్కి తీసుకుపోతానని ఒక్కసారి కూడా అనలేదు. "పరీక్ష ఎప్పుడు?" అని అడిగారు. ఇంకా పదిహేను రోజులుందని చెప్పాను. కొంగు బిగించి గిన్నెలన్నీ తోమడానికి కూర్చున్నారు. మా రెండు మంచాల మధ్య నేల మీదే పడుకునేవారు. బియ్యం కడిగి ఆరబెట్టి గదిలోనే రోట్లో దంచేవారు, బయటి పిండి రవ్వంత కూడా తేనిచ్చేవారు కాదు. జంతికలు చేశారు, బియ్యపురొట్టె చేశారు. కూతురు తిని లేచేదాకా ఆమె నోటివంక చూస్తూ కూర్చునేవారు. తను మాత్రం ఎప్పుడు తినేవారో నేను చూడలేదు.

వారంలో విరేచనాలు కట్టాయి. కానీ ఒంట్లోకి బలం రావడానికి నెలలు పడుతుందని డైటీషియన్ ముందే చెప్పింది. పరీక్ష ఆగదు కదా. అక్టోబరు, నవంబరు, తొమ్మిది పేపర్లు. అక్క తొమ్మిదీ రాసింది. నాలుగోరోజు జనరల్ స్టడీస్ రెండో పేపర్లో వేళ్ళు కొంకర్లు పోయి నలభై నిమిషాలు పెన్ను పట్టుకోలేకపోయింది. బయటికి వచ్చి నాతో ఆ ముక్క చెప్పి, "అమ్మ అడిగితే బాగా రాశానని చెప్తాను, నువ్వు మొహం మార్చకు" అంది. ఆ మర్నాడు మళ్ళీ వెళ్ళి రాసింది.

పరీక్షలయ్యాక తల్లీకూతుళ్ళు బాపట్ల వెళ్ళిపోయారు. మార్చిలో అక్క మళ్ళీ వచ్చింది, ఆస్పత్రిలో ఇంకోసారి గొట్టం వేసి చూడాలన్నారు. నలభై ఆరు కిలోలుంది. బుగ్గల్లో మళ్ళీ కండ కనిపించింది. పేగు మానుతోంది, ఇలాగే జాగ్రత్తగా ఉండమన్నాడు డాక్టరు. రిపోర్టు తీసుకుని బయటికి వస్తుంటే ఎవరో ఫోను చేసి మెయిన్స్ రిజల్టు సివిల్స్ కమిషన్ ఆఫీసు బోర్డు మీద పెట్టారని చెప్పారు.

అక్కడికే ఆటోలో వెళ్ళాం. గేటు దగ్గర జనం తోసుకుంటున్నారు. అక్క లోపలికి దూరి లిస్టు ముందు నిలబడింది. ఒకసారి చూసింది. ఆ వరస మళ్ళీ మొదట్నుంచీ వేలితో చూసుకుంటూ వచ్చింది. వెనకవాళ్ళు జరగమంటున్నా జరగలేదు. నేను ఆమె భుజం మీదుగా చూశాను. ఆమె నంబరుకు ముందుదీ ఉంది, తర్వాతదీ ఉంది.

బయటికి వచ్చి ఫుట్‌పాత్ మీద కూర్చుంది. రిపోర్టు కవరు ఒళ్ళో పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. అన్ని నెలల్లో నేను చూసిన ఏడుపు కాదది. నోరు తెరిచి, గుండెలు ఎగసిపడేలా, రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి తిరిగి చూసేలా ఏడ్చింది. పక్కన కూర్చున్నాను. వచ్చే ఏడాది చూసుకుందాం అనడానికి ఆమెకు వచ్చే ఏడాది లేదు. ఎవరో ఒకతను ఆమెకు ఒంట్లో బాగాలేదేమో అనుకుని వంగి, "దీదీ, తబియత్ ఖరాబ్ హై క్యా?" అని అడిగాడు.

"నహీ భయ్యా, తబియత్ ఠీక్ హై" అన్నాను.