మునిసిపల్ పార్కులో దాళ్వా

మునిసిపాలిటీ వాళ్ళు కాలవ గట్టున పార్కు కట్టి, మొక్కల సంగతి మీరు చూసుకుంటారా అని అడిగితే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళం ఎగిరి గంతేసి ఒప్పుకున్నాం. తలా ఒక మడి. పొద్దున్నే వచ్చి ఎవరి మడి వాళ్ళు తవ్వుకోవాలి, ఎవరి మొక్కలకి వాళ్ళు నీళ్ళు పెట్టుకోవాలి. బ్యాంకులో రిటైరైన జగన్నాథరావు గారిని ప్రెసిడెంటుని చేశాం. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, వంగే పని ఎటూ చెయ్యలేరు. నేను గులాబీలు పెట్టాను. నా పక్క మడి గోపాలరాజు గారిది.

గులాబీ బతకాలంటే మొదలు దగ్గర నీళ్ళు నిలవకూడదు. మా భీమవరం నేలలో వాటిని బతికించడానికి నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. అలాంటిది, తొంభైతొమ్మిది ఫిబ్రవరిలో ఒక పొద్దున్న వెళ్ళేసరికి నా గులాబీలు నీళ్ళలో నిలబడి ఉన్నాయి. పక్క మడి చుట్టూ జానెడు గట్టు, గట్టు లోపల బురద. బంతిపూలకీ క్రోటన్లకీ మధ్య ఆ పెద్దమనిషి పంచె ఎగ్గట్టి, వంగి, వెనక్కి అడుగులేస్తూ వరి నాటుతున్నారు.

నాకు కోపమొస్తే ఎదుటి మనిషి వయసు కనపడదు. ఇది పార్కనుకున్నారా పొలమనుకున్నారా అని అడిగేశాను.

"తప్పేనండి అమ్మగారూ. గట్టుకి గండి పడిందండి. ఇప్పుడే పూడ్చేస్తానండి," అన్నారాయన.

రాజులతో ఇదే చిక్కు. పోట్లాడదామని వెళ్తే అండీ అండీ అంటూ మన నోరు కట్టేస్తారు. ఆయన బురద తీసి గండి పూడ్చి, నా గులాబీల మొదట్లోంచి నీళ్ళు దోసిళ్ళతో తోడిపోయడం మొదలెట్టారు. డెబ్భై అయిదేళ్ళ మనిషి. నా కోపం సగం అక్కడే చచ్చింది. మిగతా సగం సంగతి విన్నాక పోయింది.

వాళ్ళకి ఊరవతల ఇరవై ఎకరాల వరిచేను ఉండేది. రొయ్యల రోజులొచ్చాక కొడుకు శ్రీనివాసరాజు గారు మొత్తం చెరువులు తవ్వించారు. చుట్టూ అందరూ తవ్వించాక వాళ్ళొక్కళ్ళూ మానేసినా చేలోకి ఉప్పు ఊరక మానదు. ఆ మాట రాజుగారే చెప్పారు, కొడుకు మీద ఈగ వాలనివ్వకుండా. టౌన్లో మేడ కట్టారు, కారు కొన్నారు, దేనికీ లోటు లేదు. కాకపోతే ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. అన్నప్రాశన నాడు బిడ్డ నోట్లో పెట్టే మొదటి ముద్ద సొంతంగా పండించిన బియ్యంతో వండాలి, పండించిన చెయ్యే పెట్టాలి. రాజుగారికి వాళ్ళ నాన్నగారు పెట్టారు. కొడుక్కీ, తర్వాత మనవరాలు భవ్యకీ రాజుగారు పెట్టారు. ఆ భవ్య పురిటికి పుట్టింటికొచ్చి జనవరి ఆఖర్న ఆడపిల్లని కంది. ఇంట్లో బియ్యం బస్తాలకేం కొదవ లేదు గానీ అన్నీ కొన్నవే.

"ఆడపిల్లకి అయిదో నెలలో కదండీ. ఈ వరీ అప్పటికే కోతకొస్తుందండి. మొగల్తూర్లో మా బావమరిది దగ్గర విత్తనం తెచ్చి, పాప పుట్టగానే నారు పోశానండి. ఇద్దరూ కలిసే పెరుగుతున్నారండి," అన్నారు.

మట్టి మునిసిపాలిటీది కదా, సొంత పంట ఎలా అవుతుందన్నాను. నా నోరు ఊరుకోదు. ఆయన తన చేతులు చూసుకుని, మట్టి ఎవరిదైనా చెయ్యి మాదేనండీ అన్నారు. కొడుక్కి తెలుసా అంటే చెప్పలేదట. చెబితే తనని తప్పుపట్టినట్టు అనుకుంటాడని.

ఇక జగన్నాథరావు గారు ఊరుకుంటారా? పార్కన్నాక పూలుండాలి గానీ వరేంటండీ, పీకించేస్తాను అని లేచారు. వరి మీద చెయ్యేస్తే ముందు నా గులాబీలు పీకాలి అన్నాను. నిన్నటిదాకా తిట్టింది మీరే కదండీ అని ఆయన తెల్లబోయారు. పాప సంగతి చెప్పాక తగ్గారు. తగ్గడమేంటి, రోజూ కర్ర పట్టుకుని ఆ గట్టు పక్క కుర్చీ వేసుకుని కొంగల్నీ, కంకి వేశాక పిచ్చుకల్నీ తోలడం మొదలెట్టారు. కూర్చుని చేసే పని దొరికినందుకు ఆయన మొహం వెలిగిపోయింది.

ఏప్రిల్లో వరి ఈనింది. కంకి తొంగిచూసిన రోజున రాజుగారు అందరికీ పేరుపేరునా చూపించారు. సరిగ్గా గింజ పాలుపోసుకునే వేళకి, ఏటా ఎండాకాలంలో చేసినట్టే, ధవళేశ్వరంలో నీళ్ళు ఆపి కాలవలు కట్టేశారు.

ఇది తెలియని రైతు ఉండడు. ఎండాకాలం పంట కదా, దాళ్వా నాట్లు అందుకే ముందుగా వేస్తారు. రాజుగారికీ తెలుసు, కానీ పాప పుట్టింది ఆలస్యంగా. ఏం చేస్తారు? మడి నెర్రెలిచ్చింది. ఆయన ఇంటి దగ్గర్నుంచి బిందె భుజాన పెట్టుకుని మోసుకురావడం మొదలెట్టారు. మేమూ తలా ఒక బిందె పోశాం. నా గులాబీల బిందె కూడా అక్కడే పోశాను. గులాబీలు మళ్ళీ కొనుక్కోవచ్చు. ఎన్ని పోసినా ఆ నేల గుటుక్కున మింగేసేది. ఒక పొద్దున్న రాజుగారు బిందెతో సహా పార్కు మెట్ల దగ్గర కూలబడ్డారు. దెబ్బేం తగల్లేదు. ఒలికిన నీళ్ళకేసే చూస్తూ కూర్చున్నారు. పంట దక్కదేమోనండీ అన్నారు నెమ్మదిగా.

నేను నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. శ్రీనివాసరాజు గారు వరండాలో కాఫీ తాగుతున్నారు. మీ నాన్నగారు ఈ వయసులో నీళ్ళెందుకు మోస్తున్నారో తెలుసా అని మొదలెట్టి మొత్తం చెప్పేశాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు, మళ్ళీ ముట్టుకోలేదు.

మర్నాడు తెల్లారేసరికి రొయ్యల మేత మోసే వ్యాను పార్కు గేటు దగ్గరుంది. దాని మీద డ్రమ్ముల నిండా మంచినీళ్ళు. శ్రీనివాసరాజు గారు లుంగీ మడిచి కట్టి, తనే బకెట్టుతో తోడి, కంకి తడవకుండా మొదళ్ళలో పోస్తున్నారు. రాజుగారు వచ్చి చూసి, గట్టు మీద పక్కనే నిలబడ్డారు. కాసేపటికి, అటు మూల అందలేదు బాబూ అన్నారు. కొడుకు అటు మూల పోశారు. కోత దాకా రోజు విడిచి రోజు ఇదే వరస. అంతకు మించి ఇద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు.

చివరికి పిచ్చుకలు తిన్నవి పోగా, తాలు పోగా, చేటలో మిగిలింది చూసి అందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. రాజుగారు అందులోంచి గుప్పెడు తీసి పక్కన పెట్టుకున్నారు. మిగిలినవి మా ఇంటి రోట్లో నేనే దంచాను. దోసెడు బియ్యమయ్యాయి. అవి చాలండీ అన్నారాయన.

అన్నప్రాశనకి పార్కు వాళ్ళందరినీ పిలిచారు. పట్టుపావడాలో పాప, వెండిగిన్నెలో ఆ బియ్యంతో వండిన పరమాన్నం. పురోహితులు పెద్దవాళ్ళని పెట్టమన్నారు. రాజుగారు ఉంగరం పరమాన్నంలో ముంచి, పాప నోటి దాకా తీసుకెళ్ళి ఆగారు. గుమ్మం పక్కన నిలబడ్డ కొడుకుని పిలిచారు.

"ఇలా రా బాబూ. నీళ్ళు పెట్టింది నువ్వు. పండించిన చెయ్యే పెట్టాలి."

శ్రీనివాసరాజు గారు వచ్చి కూర్చున్నారు. తండ్రి చేతిలోంచి ఉంగరం తీసుకుని పాప నాలిక మీద పెట్టారు. పాప చప్పరించి, మళ్ళీ నోరు తెరిచింది. నేను ఏడ్చాను. ఎవరు చూసినా సరేనని ఏడ్చాను.

అందరూ భోజనాలకి లేచాక, మర్చిపోయిన నా సంచీ కోసం ఆ గదిలోకి వెళ్ళబోయి గుమ్మంలోనే ఆగిపోయాను. రాజుగారు ఒక్కరే ఉన్నారు. ఖాళీ అయిన వెండిగిన్నె అడుగు వేలితో తుడిచి, ఆ వేలు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఆ బియ్యంలో ఆయనకి దక్కింది అంతే. తన పంట తిని ఆయనకి ఎన్నేళ్ళయిందో.

నా వెనకాలే వచ్చిన శ్రీనివాసరాజు గారు కూడా అది చూశారు. లోపలికెళ్ళి తండ్రి ముందు నేల మీద కూర్చున్నారు.

"నాన్నగారండీ, విత్తనానికేమన్నా ఉంచారాండీ?"

రాజుగారు రొంటిన దోపుకున్న చిన్న గుడ్డమూట తీసి, విప్పి చూపించారు. ఆ రోజు చేటలోంచి తీసిన గుప్పెడు వడ్లు.

"ఉంచాను బాబూ. నువ్వడుగుతావేమోనని," అన్నారు.

వానలు పడ్డాక, సార్వా పంటకి, తండ్రీ కొడుకులిద్దరూ కలిసే పార్కుకొచ్చారు. నా గులాబీలు ఎండకి ఎప్పుడో పోయాయి. మధ్యలో ఆ గట్టెందుకు, తీసేసి నా మడి కూడా కలుపుకోండి అన్నాను.