పావు చుట్టు

మత్సుమోతోలో చలి ముదిరి గాలి పొడిబారిందంటే మొమోసే వారి కొట్టుకి పని పెరుగుతుంది. గిటార్ల మెడలు వంగుతాయి, తీగలు మెట్లకి ఎడమవుతాయి, వాయించేవాళ్ల వేళ్లు పుళ్లు పడతాయి. ఫుసాయే ఒక్కో గిటారునీ ఒళ్లో పడుకోబెట్టుకుని, తీగలు వదులుచేసి, మెడ లోపల దాగిన ఇనప కడ్డీ నట్టుకి పానా తగిలించి పావు చుట్టు తిప్పుతుంది. మళ్లీ తీగలు బిగించి గోడకి ఆనిస్తుంది. మిగతాది రేపు. రోజుకి పావు చుట్టుకి మించకూడదన్నది ఆమె తండ్రి పెట్టిన నియమం.

మెడ ఎంత తిన్నగా అయితే ఫుసాయే వెన్ను అంత వంగేది. ఆమె తండ్రికీ అంతే. అది మొమోసే వాళ్ల రక్తంలో ఉంది, ఊళ్లో ఎవరికీ వింత కాదు. "ఈ ఏడు ఇంకాస్త కిందికొచ్చారే" అని పలకరించి, తెచ్చిన ఎండు పెర్సిమన్ పళ్లు ఆమెకి అందేలా పొట్టి పీట మీద పెట్టేవాళ్లు. నట్టు వదులుచేస్తే వంగిన వెన్ను వంగినంతా తిరిగొస్తుంది. కానీ వదులుచెయ్యమని వచ్చేవాళ్లు ఏడాదికి ఒకరో ఇద్దరో.

తమ్ముడు రెంజిరో కొట్లో అన్ని పనులూ చేసేవాడు. మెట్లు అరగదీసేవాడు, జిగురు కాచేవాడు. పానా మాత్రం ముట్టుకునేవాడు కాదు. తండ్రి పోయినప్పుడు మామూలు శవపేటిక సరిపోక, పీపాలాంటిది చేయించి అందులో కూర్చోబెట్టి పంపారు. అది చూశాక రెంజిరో చెయ్యి పానా వైపు పోలేదు. అక్క ఒక్క మాటా అనకుండా తనే అందుకుంది. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్లు. ముప్పయ్యేళ్లయినా ఆ సిగ్గు అతన్ని వదల్లేదు. ఇప్పుడు వంగిపోయిన ఆమెకి అతనిలో కనపడేది నడుముకి ముందు కట్టుకున్న పనిగుడ్డా, దాని జేబూ.

ఆ ఏడు చలి మొదలవగానే డాక్టరు తేల్చి చెప్పేశాడు. "ఇంకొక్క పూర్తి చుట్టు తిప్పారంటే మీ ఊపిరితిత్తులకి చోటుండదమ్మా."

ఆ మాట సోబా నూడుల్స్ హోటల్లో వంటచేసే కుబోతా చెవిన పడింది. నాలుగు రోజులకి గిటారు గుడ్డలో చుట్టుకుని కొట్టుకొచ్చి, వంగి దణ్ణం పెట్టి, మళ్లీ లేవలేదు.

"లేవయ్యా, ఇక్కడ వంగి ఉండేది నేనొక్కదాన్ని చాలు. ఏమైంది?" అంది ఫుసాయే.

"నేనే తిప్పానండీ. మీ వెన్ను సంగతి విన్నాక మీ దగ్గరికి తేవడానికి మనసొప్పలేదు."

"తీగలు వదులుచేశావా?"

"లేదండీ."

"బిగించిన తీగల మీదే? పిండి పిసికే ఆ చేతులతో?"

"టప్‌మందండీ."

"అనదూ మరి!"

కడ్డీ లోపలే విరిగింది. మెడ విల్లులా లేచింది. ఇంతకాలం మొమోసే వాళ్లు తప్ప ఎవరూ పానా పట్టలేదు గనక ఊళ్లో కడ్డీ విరగడమన్నది ఇదే మొదలు.

"బాగుచెయ్యద్దండీ. క్షమాపణ చెప్పుకుందామని తెచ్చాను. గోడకి తగిలించుకుంటాను."

"నా చేత్తో చేసిన మొదటి గిటారది. గోడకి తగిలించుకోడానికి చెయ్యలేదు."

"అక్కా, కొత్త కడ్డీ వేస్తే నాలుగు పావులు తిప్పాలి" అన్నాడు రెంజిరో.

"నాకు తెలీదా? ఇస్త్రీపెట్టె వేడిచెయ్యి."

వేడికి జిగురు మెత్తబడింది. సన్నటి కత్తి దూర్చి మెట్ల పలక లేపారు. తుప్పుపట్టిన కడ్డీ రెండు ముక్కలూ ఫుసాయే పైకి లాగింది. రెండో ముక్క బయటికి రాగానే ఆమె వెన్నులో ఎముకలు పటపటలాడాయి. ఇరవై తొమ్మిది చలికాలాలు ఆ గిటారులోకి తిప్పిన చుట్లన్నీ ఆమెకి తిరిగొచ్చేశాయి. ఒక్కసారిగా ఆమె చూపు రెంజిరో జేబు మీంచి గడ్డం దాకా లేచింది.

"గడ్డం సరిగ్గా గీసుకోవట్లేదేంరా?" అంది.

కొత్త కడ్డీ పెట్టి, పలక అంటించి, బిగింపులు వేశారు. జిగురు ఆరడానికి రెండు రోజులు. ఆ రెండు రోజులూ ఫుసాయే పై అరలో కప్పు తనే అందుకుంది. పొగలు కక్కే సోబా రెండు గిన్నెలు తింది. గుండెల నిండా గాలి పీల్చి, ఆ రుచి మర్చిపోయినదానిలా మళ్లీ పీల్చింది. రెంజిరో చూస్తూ కూర్చున్నాడు. అతనికి ఏడుపొచ్చింది.

మూడో రోజు పొద్దున కుబోతా వచ్చాడు. తీగలు బిగిస్తే మెడ అనుకున్నట్టే వంగింది. ఫుసాయే పానా తగిలించే మేకు వైపు చెయ్యి చాపింది. మేకుకి పానా లేదు.

"ఇలా ఇవ్వరా."

"ఇవ్వను."

"పిచ్చి వేషాలెయ్యకు. నాన్న పీపా మర్చిపోయావా?"

"ఒక్క రోజు మర్చిపోలేదక్కా. దానికి భయపడే ముప్పయ్యేళ్లు నిన్ను వంచాను. నేను పిరికివాణ్ణి. నిన్ను తినేశాను."

అతను తీగలు వదులుచేశాడు. పానా తగిలించాడు. కుబోతా కిటికీలోంచి కొండలు చూస్తున్నట్టు నటించాడు. నట్టు మొండికేసి, కిర్రుమని, పావు చుట్టు తిరిగింది. ఎవరో మెడ మీద అరచెయ్యి వేసి నొక్కినట్టయింది రెంజిరోకి. తీగలు మళ్లీ శ్రుతి చేసి గిటారు గోడకి ఆనించి తిరిగాడు.

"రేపటిది నాది" అంది ఫుసాయే కోపంగా.

"రేపటిదీ నాదే. ఆ పైది చూద్దాం."

తిట్టడానికని ఆమె తలెత్తింది. అతని వెన్ను వంగి తల నాలుగు వేళ్లు కిందికి దిగింది. చాలా ఏళ్ల తర్వాత ఇద్దరి కళ్లూ ఎదురెదురుగా వచ్చాయి. ఆమె చెయ్యెత్తి అతని తల నిమిరింది.

"జుట్టంతా ఎప్పుడు నెరిసిందిరా తమ్ముడూ?"

"చాన్నాళ్లయిందక్కా" అన్నాడతను. "నీకు కనపడలేదంతే."