కూతురి అధ్యాయం, అమ్మ కత్తెర

ఆ ఆఫీసులో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. ఎవరు ఏ విషయం మీద రాస్తే అదే వాళ్ల పేరు. "ఆరోగ్యానికి జలుబు చేసిందట", "రవాణాకు బస్సు మిస్సయిందట", "పన్నులు ఇంకా రాలేదేం?" అంటూ రోజంతా ఇదే గోల. ప్రభుత్వం అన్నిట్లో వేలు పెట్టకూడదు, బజారును దాని మానాన వదిలెయ్యాలి అని రాయడమే అక్కడి పని. ఏడాదిగా రాసిందంతా కలిపి పుస్తకం వేశారు. అందులో లైసెన్సుల మీది అధ్యాయం మన పిల్లది. కాబట్టి ఆఫీసులో ఆమె పేరు లైసెన్స్. ఇంట్లో మాత్రం పిచ్చుక.

అక్కడ జుట్టు కత్తిరించాలన్నా పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకోవాలి. ఆ అధ్యాయంలో ఏముందయ్యా అంటే, జుట్టు కత్తిరించడానికి లైసెన్స్ దేనికి, ఎత్తెయ్యండి అని. రాయక రాయక అదే రాయాలా? కన్నతల్లి సెలూన్ నడుపుతోందాయె! పరీక్ష తప్పి, మళ్లీ తప్పి, ఎలాగో గట్టెక్కి తెచ్చుకున్న లైసెన్స్‌ను అద్దం పైన ఫ్రేము కట్టించి పెట్టుకుంది. పైగా సెలూన్ల సంఘానికి అధ్యక్షురాలు.

"నిన్ను చంకనేసుకుని పరీక్షకెళ్లానే! ఇప్పుడది చిత్తుకాగితమైపోయిందా?" అంది అమ్మ.

"చిత్తు అనలేదమ్మా. పని బాగుంటే జనం వాళ్లంతట వాళ్లే వస్తారన్నాను."

"అయితే ఆ జనంతోనే కత్తిరించుకో. ఇక నీ తలమీద నా కత్తెర పెడితే ఒట్టు!"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లో ఇలా ఉంటే, తెల్లారితే రచ్చ. పుస్తకావిష్కరణ సభలో పిచ్చుక తన అధ్యాయం గురించి మాట్లాడాలి. దాన్ని ఖండించడానికి సంఘం తరఫున వచ్చేదెవరో వేరే చెప్పాలా? అమ్మే. జుట్టేమో కళ్లలో పడుతోంది. పుట్టి బుద్ధెరిగాక ఆ తలమీద అమ్మ కత్తెర తప్ప ఇంకోటి పడలేదు. పిచ్చుకకు పౌరుషం పొడుచుకొచ్చింది. లైసెన్స్ లేనివాళ్ల చేతే కత్తిరించుకుని వేదికెక్కుతాను, రాసింది చేసి చూపిస్తాను అనుకుంది.

"నేనున్నాగా!" అన్నాడు ఆరోగ్యం. చిన్నప్పుడు తమ్ముడికి కత్తిరించాడట. ఆ తమ్ముడు చాన్నాళ్లు టోపీ తియ్యలేదన్న ముక్క మాత్రం పని అయ్యాక చెప్పాడు, వెధవ. మీటింగు గదిలో కుర్చీ వేశారు. రవాణా అద్దం పట్టుకుంది. "ఇటు కాస్త తగ్గించు, అటు ఇంకాస్త తగ్గించు" అని పన్నులు సలహాలిచ్చాడు. తగ్గించమనడం ఆయనకు అలవాటే కదా. రెండు పక్కలా సమానం చెయ్యబోయి, చెయ్యబోయి, చివరికి ఎలుకలు కొరికిన చాపలా తయారుచేశారు. రవాణా నవ్వాపుకోలేక అద్దం పక్కన పెట్టేసింది. పిచ్చుక ముందు ఏడ్చింది, తర్వాత అందరికంటే గట్టిగా నవ్వింది, మళ్లీ ఏడ్చింది. కొంప మునిగింది మరి! అమ్మ నోరు విప్పక్కర్లేదు. ఆ తలవైపు వేలు చూపిస్తే చాలు, పిచ్చుక ఏడాది కష్టం మట్టిగొట్టుకుపోతుంది.

మర్నాడు తలకు స్కార్ఫు చుట్టుకుని హాలుకు చేరింది. అమ్మ గుమ్మంలోనే ఉంది. స్కార్ఫు వంక ఒక్క చూపు చూసి, చెయ్యి పట్టుకుని బాత్‌రూమ్‌లోకి లాక్కెళ్లి, దాన్ని ఊడలాగింది.

"ఓరి దేవుడో! ఎవడే వాడు?"

"ఆరోగ్యం."

"ఆరోగ్యమా, నా బొందా!" అంటూ అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కత్తెర తీసింది.

పిచ్చుక తెల్లబోయింది. "అమ్మా, నన్నిలాగే వేదికెక్కిస్తే నువ్వే గెలుస్తావు కదా!"

"తల కదపకు. నా పిల్లను నలుగురిలో నవ్వులపాలు చేసి గెలవాలా? అంత దిక్కుమాలిన గెలుపు నాకెందుకే?"

"మరి ఒట్టో?"

"తీసి గట్టున పెట్టాను."

అమ్మ వేళ్లు చెవి వెనక తగలగానే పిచ్చుకకు ప్రాణం లేచొచ్చింది. నిన్నటినుంచి ఎంత బెంగపెట్టుకుందో అప్పుడు తెలిసింది.

సభలో ఇద్దరూ ఒక మైకుకు చెరోపక్క కూర్చున్నారు. పిచ్చుక దంచేసింది. లైసెన్స్ లేని చేతుల్లో మాడిన మాడులు, తెగిన చెవులు అంటూ అమ్మ అంతకంటే దంచేసింది. ఇక మీ ప్రశ్నలు అడగండి అనగానే ముందు వరుసలో ఒకావిడ లేచింది.

"ఆ అమ్మాయి జుట్టు ఎవరు కత్తిరించారండీ? అడ్రస్ చెప్తారా?"

"మాక్కూడా!" అని వెనకనుంచి గోల. హాలంతా చేతులు లేచాయి. లైసెన్స్ ఊసెత్తిన నాథుడు లేడు.

చూశారా, లైసెన్స్ ఉందా అని ఒక్కరైనా అడిగారా? ఆ మాట పిచ్చుక నాలుక చివరికొచ్చి కూర్చుంది. అదంటే చర్చ ముగిసిపోతుంది. కిందనుంచి ఆరోగ్యం "అను, అను" అని సైగలు చేస్తున్నాడు. పిచ్చుక అమ్మవైపు చూసింది. లేచిన చేతుల్ని చూసి అమ్మ ముఖం మతాబులా వెలిగిపోతోంది. పిచ్చుక ఆ మాటను మింగేసింది.

"మా అమ్మ కత్తిరించింది" అంది. "ఆవిడకు లైసెన్స్ ఉంది."

చప్పట్లు మోగాయి. అమ్మ కళ్లొత్తుకుని, కూతురి చెవి దగ్గరకు వంగి గుసగుసలాడింది. "అదేంటే పిచ్చుకా, లైసెన్స్ ఉందా అని ఒక్కరూ అడగలేదు!"

మైకు ఆ గుసగుసను చివరి వరుసదాకా మోసుకెళ్లింది. హాలు గొల్లుమంది. అమ్మ నాలిక్కరుచుకుంది, పకపకా నవ్వింది, కూతురి కొత్త జుట్టు చెరిగిపోయేలా తల నిమిరి మైకును దగ్గరకు లాక్కుంది.

"సరే, సరే. అడ్రస్ రాసుకోండి!"