కంచెలో రేగుకంప

తొలకరి పడితే చాలు, ములకలపల్లి అడవి అంచున ఉన్న తండాల్లో ఎవరికీ ఊపిరి సలపదు. ఆ రోజు అందరూ విత్తనాల హడావిడిలో ఉంటే గోరి ఇల్లు ఖాళీ చేస్తోంది. మంచాలు, బిందెలు ట్రాలీ ఆటో ఎక్కాయి. మిగిలింది గుమ్మం పక్కన ఎర్రమన్ను అరుగు. ఏటా వానలకు ముందు దాన్ని గోరి తన చేతులతోనే అలికేది. ఈ ఏడు అలకలేదు. దానివైపు చూస్తే ఏడుపు ఆగడం లేదామెకు.

అడిగినవాళ్లకు, కొడుకు బాబూరావుకు కొత్తగూడెంలో ఉద్యోగం దొరికిందని చెప్పారు. అసలు కారణం భయం. మొన్న ముసురు పట్టినప్పుడు ఆవు చచ్చింది. వెనకే దూడ, తర్వాత మేకలు. పొద్దున మేతకు పోయినవి మాపటికి నురగ కక్కి పడిపోయాయి. మొగుడు పోయి పక్కింట్లో ఒంటరిగా బతుకుతున్న చిన్నక్క మీద గోరికి అనుమానం. ఆమె రేగుకంప పట్టుకుని ఏదో గొణుక్కుంటూ తమ జొన్నచేను గట్టున తిరగడం గోరి కళ్లారా చూసింది. కంచె సందులో ఆ కంప కనబడినప్పుడల్లా చేయి తగలకుండా కర్రతో లాగి తగలబెట్టింది.

"చేతబడి" అన్న మాట ముందుగా వచ్చింది గోరి నోటినుంచే. అయ్యలారా, అమ్మలారా, ఇలాంటి మాట ఒక ఇంట్లో పుడితే ఊరంతా దాన్ని పెంచుతుంది. బోరింగు దగ్గరికి చిన్నక్క వస్తే తక్కిన ఆడవాళ్లు బిందెలు తీసుకుని పక్కకు జరిగేవారు. వచ్చే ఆదివారం కూర్చుని ఆమెను తండా నుంచి వెళ్లగొట్టాలని పెద్దలు అనుకున్నారు.

"జల్దీ రా యాడీ, మళ్ల మబ్బు పట్టింది" అని తల్లిని తొందరపెట్టాడు బాబూరావు.

చేను ఒక్కసారి చూసి వస్తానని గోరి ఇంటి వెనక్కి నడిచింది. అక్కడ చిన్నక్క మళ్లీ కంచె సందులో కంప కుక్కుతోంది. గోరికి ఒళ్లు మండిపోయింది.

"మేం పోతున్నా ఇడ్వవా? ఇంకేం చెయ్యాలనుకుంటున్నవ్ మాకు?"

చిన్నక్క నడుం ఎత్తింది. "మీరు పోయినా తండ గొడ్లు ఈ సందుల దూరవా గోరీ? జొన్న కోసి మోళ్లు ఇడ్సిపెట్టిన్రు. ముసురుకు పిలకలు లేసినయ్. లేత పిలకల నాము విషం ఉంటది, మేసిన గొడ్డు బతకదు. నా ఎడ్లు గిట్లనే పోయినయ్."

"గట్లయితే ముందే ఎందుకు చెప్పలే?"

"ఆవు పోయిన నాడే మీ గుమ్మంల నిలబడ్డ. నన్ను చూసి తలుపేసుకున్నవ్."

అది నిజం. అయినా గోరికి నమ్మబుద్ధి కాలేదు. మాటలతో మాయ చేస్తోందేమోనని ఆమె ముఖంలోకి అనుమానంగా చూసింది. తర్వాత చేతులు చూసింది. ముళ్లు గీరి రెండు అరచేతులూ రక్తం కట్టి ఉన్నాయి. సందు లోపల చూస్తే మేకలు కొరికిన పిలకలు, ఎండిన పెంటికలు. నాము గురించి చిన్నప్పుడు తల్లి చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఏళ్ల తరబడి పత్తి తప్ప మరో పంట వేయక ఆ సంగతే మరిచిపోయారు. ఈ ఎండాకాలమే గొడ్ల మేతకని జొన్న వేశారు.

గోరి చిన్నక్క చెయ్యి పట్టుకుని ఇంటి ముందుకు నడిపించుకొచ్చింది. సాగనంపడానికి వచ్చిన జనం చూసి బిత్తరపోయారు.

"మంచాలు దించున్రి" అంది గోరి.

"కిరాయి ఆటో నిండినంక ఇదేంది?" అని ఆమె మొగుడు హీరాలాల్ విసుక్కున్నాడు.

గోరి చిన్నక్కను అరుగు మీద కూర్చోబెట్టి జనం వైపు తిరిగింది.

"మన గొడ్లు సావొద్దని ఈమె కంప కట్టింది. చేతబడని నేను దాన్ని తగలబెట్టిన. గొడ్లు ఆ సందులకెళ్లే చేన్ల పడి నాము మేసి సచ్చినయ్. వాటిని సంపింది నా అనుమానం. ఆదివారం కూసుంటే ముందు నన్ను నిలబెట్టున్రి. ఈ తండలకెళ్లి ఎల్లగొట్టేది ఉంటే ఆ అనుమానాన్ని ఎల్లగొట్టున్రి."