ముద్దాయి కుర్చీలో మేడమ్

ఇంగ్లిష్ మేడమ్‌కు కాలేజీలో ఒక ముచ్చట ఉంది. పాత ఇంగ్లిష్ నవల పాఠం పూర్తయిన రోజున క్లాసునే కోర్టు చేసేస్తుంది. ఆ నవలలో ఒక బడిపంతులు కూతురు తాను మనసిచ్చిన ఓడ కళాసీని వదిలేసి, మేడా తోటా ఉన్న ఎస్టేటు మేనేజర్ని పెళ్ళాడుతుంది. ఆవిడే ముద్దాయి. ఆవిడ తరఫున కుర్చీలో కూర్చుని జవాబులు చెప్పేది మాత్రం మేడమే. షరతు ఒక్కటే, పుస్తకంలో ఉన్నదే చెప్పాలి. గీత దాటితే క్లాసంతా "పుస్తకంలో లేదు!" అని అరుస్తుంది. చివర్లో చేతులెత్తి తీర్పు చెప్తారు. ఏటా ముద్దాయికి శిక్ష పడుతుంది, ఏటా మేడమ్ నవ్వుకుంటూ కుర్చీ దిగుతుంది. డబ్బు చూసి పెళ్ళాడడమంటే మనసును అద్దెకివ్వడమేనని ఏళ్ళ తరబడి నూరిపోసింది మేడమే కదా. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా!

ఈ ఏడు మాత్రం ఆ కుర్చీలో కూర్చుంటే ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. సాయంత్రం గేటు దగ్గర కళ్ళద్దాల షాపాయనకు ఆమె ఒక మాట చెప్పాలి. ఆయన భార్య పోయి చాలా కాలమైంది. చత్వారం అద్దాల కోసం వెళ్ళిన మేడమ్‌తో పరిచయం పెరిగి, మొన్నామధ్య పెళ్ళి మాట ఎత్తాడు. మంచివాడు. సొంత ఇల్లు, అందులో వెలుతురున్న గది ఒకటి ఖాళీ. "మీ పుస్తకాలన్నీ పెట్టుకోండి. తలుపేసుకుని చదువుకోండి, ఎవరూ పిలవరు" అన్నాడు. అప్పట్నుంచీ ఆమె కళ్ళముందు ఆయన ముఖం కన్నా ఆ గదే ఎక్కువగా మెదులుతోంది. అన్నయ్య ఇంట్లో, హాల్లో మడతమంచం మీద పడుకునే మనిషికి మెదలక ఏం చేస్తుంది? వదిన పొద్దున్నే హెచ్చరించింది.

"ఆలస్యం అమృతం విషం. ఇవాళ నువ్వు సరే అనకపోతే రేపు ఇంకెవరో అంటారు. ప్రేమా దోమా అన్నీ పుస్తకాల్లో వెతుక్కో, పెళ్ళిలో కాదు."

ఇంకో చిక్కుంది. షాపాయన కూతురు ఈ క్లాసులోనే చదువుతోంది. వాదనలో ఎవరికీ లొంగదని అందరూ లాయరమ్మ అంటారు. ఈ ఏడు ముద్దాయిని ప్రశ్నించేది ఆ పిల్లే. మేడమ్ జవాబు విన్నాకే కూతురికి చెప్తానని ఆయన అన్నాడు. పిల్లకేమీ తెలియదన్న ధైర్యంతోనే మేడమ్ కుర్చీ ఎక్కింది.

"ఆయన్ని మీరు ప్రేమించారా?" లాయరమ్మ లేస్తూనే అడిగింది.

"లేదు."

"ఆ సంగతి ఆయనకి చెప్పారా?"

"ఆయన అడగలేదు."

ఇది పుస్తకంలోదే. క్లాసు నవ్వింది. లాయరమ్మ నవ్వలేదు.

"మరెందుకు ఒప్పుకున్నారు? ఇల్లుంటే చాలా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మేడమ్‌కు ఒళ్ళు భగ్గుమంది.

"ఇల్లున్నవాళ్ళకి తేలికే ఆ మాట! అందరూ పడుకున్నాక మంచం వేసుకోవాలి, అందరికంటే ముందు లేచి మడిచెయ్యాలి. జ్వరమొచ్చినా నడిహాల్లోనే మూలగాలి. ఏడుపొస్తే బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడవాలి. లోపల్నుంచి గడియ పెట్టుకునే తలుపు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి దొరుకుతుందంటే..."

"మడతమంచం పుస్తకంలో లేదు మేడమ్!" వెనక బెంచీలోంచి ఎవరో అరిచారు.

"కుళాయి కూడా లేదు!" అన్నారు ఇంకెవరో.

క్లాసు గొల్లుమంది. లాయరమ్మ ఒక్కతే కదలకుండా మేడమ్‌నే చూస్తోంది. పిల్లకు అంతా తెలుసని మేడమ్‌కు అప్పుడు అర్థమైంది.

ఇంతలో చివరి గంట కొట్టారు. తీర్పు లేకుండానే అందరూ వెళ్ళిపోయారు. లాయరమ్మ తలుపు దగ్గర ఆగింది.

"నాన్న చెప్పలేదు మేడమ్, నేనే కనిపెట్టాను. ఖాళీ గదికి రంగు వేయించాడు, కిటికీ పక్కన పుస్తకాల అల్మరాలు చేయిస్తున్నాడు. మా ఇంట్లో ఎవరికున్నాయి అన్ని పుస్తకాలు?"

"నేను మీ నాన్నకి ఏ లోటూ రానివ్వనమ్మా. బాగా చూసుకుంటాను."

"చూసుకుంటారు, నాకు తెలుసు. పుస్తకంలో ఆ మేనేజరుకి ఇల్లు చక్కబెట్టే మనిషి కావాలి. ఆవిడకి ఇల్లు కావాలి. చెల్లుకు చెల్లు. నిజం చెప్పాలంటే ఆవిడకి శిక్ష వెయ్యాలని నాకెప్పుడూ అనిపించలేదు. కానీ మా నాన్న అలా కాదు మేడమ్. మీతో ఏం మాట్లాడాలో అద్దం ముందు నిలబడి ప్రాక్టీస్ చేసుకుంటున్నాడు, ఈ వయసులో! మీరంటే ఆయనకి ప్రాణం. మీకూ అంతేనా అని ఆయన అడగడు, భయం. మీరే చెప్పాలి."

ఇన్నేళ్ళూ ఆ నవల పాఠం చెప్పింది. ఇన్నేళ్ళూ ఆ ఆడమనిషినే బోనెక్కించింది. అవతలి మనిషికీ మనసుంటే ఏమవుతుందని ఒక్కసారైనా ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తూ గేటు వైపు నడిచింది. నోరు మూసుకుంటే గది తనది. ఒక్క 'సరే' చాలు. పిల్ల కూడా నోరు విప్పేలా లేదు, తలొంచుకుని ముందుగా వెళ్ళి కారులో కూర్చుంది.

ఆయన ఇస్త్రీ చొక్కాతో కారు పక్కన నిలబడి ఉన్నాడు. అద్దాలు చొక్కాతో తుడవొద్దని షాపులో అందరికీ చెప్పే మనిషి, చొక్కా అంచుతోనే అద్దాలు తుడుచుకుంటున్నాడు. అది చూసి మేడమ్‌కు జాలేసింది. 'సరే' నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"మీరు చాలా మంచివారండి. మీరంటే నాకు గౌరవం. అంతకుమించి ఏమీ లేదు. నాకు ఆ గది కావాలి, అందుకే ఒప్పుకుందామనుకున్నాను."

ఆయన తుడిచిన అద్దాలే మళ్ళీ తుడిచాడు.

"పోనీ, కొన్నాళ్ళు పోతే ఇష్టం పుడుతుందంటారా?"

అబద్ధమాడడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. అవునంటే ఆయన నమ్ముతాడు, నమ్మాలనే నిలబడ్డాడు.

"తెలీదండి."

ఆయన అద్దాలు పెట్టుకున్నాడు. "నేను దేనికైనా సర్దుకుపోతానండి. కానీ పొద్దున లేస్తే ఇవాళైనా ఆ ఇష్టం పుట్టిందేమోనని మీ ముఖంలో వెతుక్కుంటూ బతకలేను. ఏమీ అనుకోకండి." అంతలోనే, మంచితనం మానుకోలేక, "మీ అన్నయ్యగారింటి దగ్గర దింపమంటారా?" అని అడిగాడు.

"వద్దండి, నడిచి వెళ్తాను."

కారు వెళ్ళిపోయింది. లోపల పిల్ల ముఖం చేతుల్లో దాచుకుంది. మేడమ్ తలెత్తుకుని వీధి మలుపు దాకా నడిచింది. నిజం చెప్పానన్న గర్వం అంతవరకే పనికొచ్చింది. మలుపు తిరగగానే ఏడుపు తన్నుకొచ్చింది. ఆ మనిషి కోసమే ఏడుస్తున్నానేమోనని ఒక్క క్షణం ఆశపడింది. అదే నిజమైతే ఇప్పుడే ఫోన్ చేసి వెనక్కి పిలవొచ్చు. ఫోన్ చేతిలోకి తీసుకుంది కూడా. కానీ కళ్ళు మూసుకుంటే కనబడింది ఆయన కాదు, కిటికీ పక్కన ఆ అల్మరాలు.